ఒకే ఆపరేషన్‌కి ఒక్కో ప్రాంతంలో ఒక్కో ఫలితం ఎందుకు? ఫిస్టులా అంకెల్ని ఎలా చదవాలి

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. డయాలిసిస్ సూదులు వేయడానికి వీలుగా చేతిలో ధమనిని సిరతో కలపడాన్ని ఫిస్టులా అంటాం. మీ నాన్నగారికి చేసిన మొదటి ఫిస్టులా నాలుగు నెలలైనా సూదులు వేయడానికి పనికిరాలేదు. మెడలో పెట్టిన పర్మ్‌క్యాత్‌తోనే, అంటే ఎక్కువకాలం ఉంచే క్యాథెటర్ గొట్టంతోనే, డయాలిసిస్ సాగుతోంది. జపాన్‌లో నూటికి 87 ఫిస్టులాలు పనికొస్తాయనీ, అమెరికాలో 64 మాత్రమే పనికొస్తాయనీ మీరు చదివారు. ఈ తేడా మనుషుల రక్తనాళాలదా, వైద్యం చేసే తీరుదా, రెండో ఫిస్టులా చేస్తామంటే ఒప్పుకోవచ్చా అని అడిగారు.

నేను నెఫ్రాలజిస్టుని, అంటే కిడ్నీ వైద్యుణ్ణి, ఇరవై ఏళ్ళకు పైగా డయాలిసిస్ రోగుల్నే చూస్తున్నాను. రక్తనాళాల తేడా కొంత నిజమే. కానీ ఆ అంకెల మధ్య కనిపించే దూరంలో ఎక్కువ భాగం వైద్యం చేసేవాళ్ళ పద్ధతుల వల్ల, మిగిలినదాంట్లో కొంత లెక్కపెట్టే తీరు వల్ల వచ్చింది. ఇలా ఎందుకు నమ్ముతున్నానో వివరంగా రాస్తాను. మీ నాన్నగారి చెయ్యి గురించి చివర్లో చెప్తాను, అది తప్పకుండా చదవండి.

ఈ విషయంలో ప్రాంతాల మధ్య పోలికకు మనకున్న మంచి ఆధారం డాప్స్ (DOPPS) అనే, డయాలిసిస్ రోగుల మీద జరిగే అంతర్జాతీయ అధ్యయనం. 1996లో అమెరికాలో మొదలైంది. తర్వాత ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్, బ్రిటన్, ఆపైన జపాన్ చేరాయి. 2002లో దాని నుంచి వచ్చిన ఒక వ్యాసం మాలాంటివాళ్ళందరినీ కుదిపేసింది. అప్పటికే డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళలో ఫిస్టులా వాడుతున్నవాళ్ళు యూరప్‌లో నూటికి 80, అమెరికాలో 24. కొత్తగా డయాలిసిస్ మొదలుపెట్టినవాళ్ళలో యూరప్‌లో 66, అమెరికాలో 15. వయసు, షుగరు, గుండెజబ్బు లాంటివన్నీ సరిచేసి చూసినా ఆ తేడా పోలేదు. మణికట్టు దగ్గర ధమనిని సిరతో కలిపే ఈ ఆపరేషన్‌ను 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో బృందమే ప్రపంచానికి చెప్పింది. పద్ధతి పుట్టిన దేశంలోనే అది అంత తక్కువగా వాడుకలో ఉందన్నమాట. అక్కడ ఎక్కువమందికి కృత్రిమ గొట్టం, అంటే గ్రాఫ్ట్ పెట్టేవారు.

ఇది శరీరాల తేడా అయితే మారకూడదు కదా. కానీ మారింది. 2003లో అమెరికా ప్రభుత్వ బీమా సంస్థ, కిడ్నీ వైద్యులు కలిసి 'ఫిస్టులా ఫస్ట్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. 2013 నాటికి డాప్స్ లెక్కల్లో అమెరికా ఫిస్టులా వాడకం 68 శాతానికి చేరింది. పదిహేడేళ్ళలో ఒక దేశపు ప్రజల సిరలు మారిపోవు. సర్జన్ల అలవాట్లు, రిఫరల్ పద్ధతులు, డబ్బు చెల్లించే నియమాలు మారతాయి. మీ ప్రశ్నకు నా దగ్గరున్న అత్యంత బలమైన జవాబు ఇదే.

అయితే ఆ కథ అక్కడితో అయిపోలేదు. ఫిస్టులాల సంఖ్య పెంచాలన్న పట్టుదలతో సన్నటి సిరల్లో, ముసలివాళ్ళలో, షుగర్ ముదిరినవాళ్ళలో కూడా ఆపరేషన్లు చేశారు. 2008లో అక్కడ ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే క్లోపిడోగ్రెల్ మాత్ర ఇస్తే కొత్త ఫిస్టులా మూసుకుపోకుండా ఉంటుందా అని చూశారు. మూసుకుపోవడం తగ్గింది, 19.5 శాతం నుంచి 12.2కి. కానీ మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ వేసుకోనివాళ్ళలోనూ దాదాపు 60 శాతం ఫిస్టులాలు డయాలిసిస్‌కి పనికొచ్చే స్థాయికి రాలేదు. రక్తం పారుతూనే ఉంది, చేత్తో తాకితే థ్రిల్, అంటే సన్నటి కంపనం, తెలుస్తూనే ఉంది, అయినా సూది వేసి డయాలిసిస్ చేసేంత సిర తయారు కాలేదు. ఆ నెలలన్నీ రోగి మెడలో క్యాథెటర్‌తోనే గడుస్తాయి. మీ నాన్నగారిది సరిగ్గా ఇదే పరిస్థితి.

ఇక 87, 64 అంకెల దగ్గరికి వద్దాం. అవీ డాప్స్ నుంచి వచ్చినవే. కొత్తగా చేసిన ఫిస్టులాల్లో జపాన్‌లో 87 శాతం, యూరప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిపి 67 శాతం, అమెరికాలో 64 శాతం వాడకంలోకి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత మొదటిసారి విజయవంతంగా వాడేదాకా పట్టిన మధ్యస్థ కాలం జపాన్‌లో 10 రోజులు, యూరప్ వైపు 46, అమెరికాలో 82. ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో విడదీసి చూడాలి.

పంపు వేగం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం అన్నిటికంటే అదే ముఖ్యమనిపిస్తుంది. జపాన్‌లో డయాలిసిస్ యంత్రం నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్ల రక్తం లాగుతుంది. అమెరికాలో 400, అంతకంటే ఎక్కువ కూడా. ఫిస్టులాలో పారే రక్తం పంపు లాగేదానికంటే ఎక్కువుండాలి, లేకపోతే శుద్ధి అయిన రక్తమే మళ్ళీ యంత్రంలోకి వెళ్తుంది. ఇప్పుడు ఒక ఫిస్టులాలో నిమిషానికి 350 మిల్లీలీటర్లు పారుతోందనుకోండి. జపాన్ యూనిట్‌లో అది హాయిగా నడుస్తుంది, విజయం కింద లెక్క. అదే చెయ్యి అమెరికా యూనిట్‌కి వెళ్తే 'తయారు కాలేదు' అనిపించుకుంటుంది, వైఫల్యం కింద లెక్క. అమెరికన్ మార్గదర్శకాలు చాలాకాలం చెప్పిన ఆరుల సూత్రం చూడండి: ఆరు వారాలకి నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం, 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మం కింద 6 మిల్లీమీటర్లకు మించని లోతు. వేగంగా లాగే పంపుకి, లావు సూదికి సరిపోయే కొలతలు అవి. జపాన్‌లో సూదులూ సన్నవే. శుద్ధి తగ్గకుండా అక్కడ ఒక్కో డయాలిసిస్‌ని నాలుగు గంటలు నడపడం మామూలు, శరీరాలు కూడా సగటున చిన్నవి. అంటే 'పనికొచ్చింది' అన్న మాటకు రెండుచోట్లా ఒకే అర్థం లేదు.

దీన్నుంచే మరో తేడా పుట్టింది. ఎక్కువ ప్రవాహం కావాలంటే మోచేయి దగ్గర, పైచేతిలో చేయడం సులువు, అక్కడ నాళాలు పెద్దవి. 1990ల చివర్లో అమెరికాలో 70 శాతం ఫిస్టులాలు ముంజేతిలోనే చేసేవారు. 2012-2015 మధ్య అది 32 శాతానికి పడిపోయింది. జపాన్‌లో మొదటినుంచీ 95 శాతం పైనే ముంజేతిలో. ఈ పద్ధతి ఎందుకు మేలో మా రోగులకు ఇలా చెప్తాను: కింద మొదలుపెడితే పైన చోటు మిగులుతుంది. మణికట్టు దగ్గరది ఐదేళ్ళు నడిచి ఆగిపోయినా దానివల్ల పైచేతి సిర లావెక్కి ఉంటుంది, తర్వాతి ఫిస్టులా సులువవుతుంది. పైన మొదలుపెట్టి అది పోతే ఆ చేతిలో అవకాశాలు బాగా తగ్గిపోతాయి. పైగా పైచేతి ఫిస్టులాల్లో చేతివేళ్ళకు రక్తం తగ్గడం, గుండెకు భారం పెరగడం ఎక్కువ చూస్తాం. మీరు చదివే శాతాల్లో ఈ నష్టం కనిపించదు, ఎందుకంటే ఆ లెక్క ఒక ఫిస్టులాది. రోగికి ముఖ్యం పదిహేనేళ్ళ జీవితం మొత్తానికి సరిపడా చోటు.

ఆపరేషన్ ఎవరు చేస్తారన్నదీ చాలా పెద్ద విషయం. జపాన్‌లో, ఇటలీలో నెఫ్రాలజిస్టులే స్వయంగా ఫిస్టులా చేయడం మామూలు. డయాలిసిస్ రోజూ చూసే మనిషి కత్తి పట్టుకుంటే సూది ఎక్కడ పడుతుందో ముందే ఊహించి సిరను ఎంచుకుంటాడు. 2008లో డాప్స్ సర్జన్ల శిక్షణను పరిశీలించింది. శిక్షణలో ఉండగా అమెరికన్ సర్జన్లు సగటున 16 ఫిస్టులాలు చేస్తే, మిగతా దేశాల సగటులు 39 నుంచి 426 దాకా ఉన్నాయి. శిక్షణకాలంలో కనీసం 25 చేసిన సర్జన్ చేతిలో ఫిస్టులా మొదట్లోనే విఫలమయ్యే ప్రమాదం 34 శాతం తక్కువ. ఇది పెద్ద అంకె. ఫిస్టులా పనికొచ్చేలా చేయడంలో మందులతో ఇంత తేడా తెచ్చిన సందర్భం నాకు గుర్తు లేదు. చాలాచోట్ల దీన్ని చిన్న ఆపరేషన్ అనుకుని జూనియర్లకు వదిలేస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాల్ని కుట్టే పని ఎలా చిన్నదవుతుంది?

తర్వాత సూది. 2003లో వచ్చిన మరో డాప్స్ వ్యాసం ప్రకారం కొత్త ఫిస్టులాకు రెండు నెలల్లోపే మొదటి సూది వేసింది అమెరికాలో 36 శాతం, యూరప్‌లో 79, జపాన్‌లో 98. తొందరపడితే పాడవుతుందేమో అన్న భయం అమెరికా వైపు ఎక్కువ. 14 రోజులకంటే ముందే వేస్తే తర్వాత ఆ ఫిస్టులా పోయే ప్రమాదం రెండింతలుందని ఆ వ్యాసమే చెప్పింది. జపాన్‌లో పది రోజులకే వాడుతున్నారు కదా, మనమూ వేద్దాం అని దయచేసి ఎవరూ అనుకోవద్దు. అక్కడ సన్న సూది, నెమ్మది పంపు, ఏళ్ళ తరబడి అదే పనిచేసే సిబ్బంది ఉన్నారు. ఆ మూడూ లేనిచోట పది రోజుల సిరలో సూది గుచ్చితే రక్తం చర్మం కిందికి కారి చెయ్యంతా నల్లబడుతుంది, ఒక్కోసారి ఫిస్టులా పోతుంది. మా యూనిట్‌లో ఇది నేను కళ్ళారా చూశాను. కొత్త ఫిస్టులాకు ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు సూది వేసేవారు. వరుసగా కొన్ని చేతులు పాడయ్యాక, కొత్త చేతికి మొదటి కొన్ని వారాలు ఎంపిక చేసిన ముగ్గురు మాత్రమే సూది వేయాలని నియమం పెట్టుకున్నాం. సర్జన్ మారలేదు, రోగులు మారలేదు, ఫలితం మాత్రం బాగుపడింది. ఒకే ఊళ్ళో రెండు యూనిట్ల ఫలితాలు వేరుగా ఉండటానికి ఇలాంటి కారణాలే ఉంటాయి. దేశాల సగటుల మాటున ఇవి కనిపించవు.

ఇంకా వెనక్కి వెళ్తే రోగి ఎప్పుడు నెఫ్రాలజిస్టు దగ్గరికి వచ్చాడన్నది ఉంది. డయాలిసిస్ మొదలవడానికి కనీసం ఆరు నెలల ముందు వస్తేనే సిరలు చూసి, ఆపరేషన్ చేసి, అది తయారయ్యేదాకా ఆగే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ బీమా నియమాలు నేరుగా చేతి మీద ప్రభావం చూపిస్తాయి. అమెరికాలో 1972 చట్టంతో కిడ్నీ పూర్తిగా చెడిపోయినవాళ్ళకు ప్రభుత్వ బీమా వచ్చింది. కానీ 65 ఏళ్ళలోపువాళ్ళు సెంటర్‌లో డయాలిసిస్ చేయించుకుంటే అది సాధారణంగా నాలుగో నెల నుంచి మొదలవుతుంది. వేరే బీమా లేని మనిషి ముందుగా ఫిస్టులా ఎలా చేయించుకుంటాడు? అందుకే ఇంత ప్రయత్నం తర్వాత కూడా అక్కడ దాదాపు 80 శాతం మంది క్యాథెటర్‌తోనే డయాలిసిస్ మొదలుపెడుతున్నారు. అలాగని డబ్బే మొత్తం కారణం అనలేం. కెనడాలో అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది, అయినా అక్కడ క్యాథెటర్ వాడకం ఎక్కువ. యూరప్‌ని కూడా ఒకే ముద్దగా చూడకండి. 2005లో అక్కడి రిజిస్ట్రీల లెక్కల్లో 42 శాతం మంది ఫిస్టులాతో డయాలిసిస్ మొదలుపెట్టారు, 2009కి అది 32కి తగ్గింది. దేశానికీ దేశానికీ మధ్య తేడాలు చాలా ఉన్నాయి. ఒకసారి సాధించిన మంచి ఫలితం దానంతటదే నిలబడదు.

భారత్‌తో సహా వనరులు తక్కువున్న చాలా దేశాల్లో రోగి మొదటిసారి ఆయాసంతో అత్యవసర విభాగానికి వచ్చినప్పుడే కిడ్నీలు పోయాయని తెలుస్తుంది. అప్పటికప్పుడు మెడలోనో తొడ దగ్గరో తాత్కాలిక లైన్ వేయడం తప్ప దారి ఉండదు. అప్పటికే ఆస్పత్రుల్లో పడి చేతి సిరలన్నీ కాన్యులాలతో గట్టిపడిపోయి ఉంటాయి. కాలర్ ఎముక కింది సిరలో లైన్ వేసి ఉంటే ఆ పెద్ద సిర సన్నబడి, తర్వాత ఆ చేతిలో ఫిస్టులా చేస్తే చెయ్యి మొత్తం వాచిపోతుంది. సర్జన్ ఎంత నేర్పరి అయినా ముందే జరిగిన ఈ నష్టాన్ని పూర్తిగా సరిచేయలేడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోందని, అంటే కిడ్నీల పని తగ్గుతోందని, తెలిసిన రోజునుంచే ఎడమచేతిలో, అంటే వాడకం తక్కువున్న చేతిలో, రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి. తప్పదంటే అరచేతి వెనక వైపు పెట్టమనండి.

శరీరాల తేడా అసలు లేదా అంటే, ఉంది. ఆడవాళ్ళలో సిరలు సగటున సన్నగా ఉంటాయి, ఫిస్టులా తయారయ్యే అవకాశం కొంత తక్కువ. షుగర్ పాతదైతే ధమని గోడల్లో సున్నం పేరుకుంటుంది. లావుగా ఉన్నవాళ్ళలో సిర లోతుగా ఉంటుంది. జనాభాలో వీళ్ళ వాటా ఎక్కువైన ప్రాంతంలో ఫలితం తగ్గుతుంది, దాన్ని ఎవరూ కాదనరు.

లెక్క గురించి కూడా చెప్పాలి, ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఎన్నో అధ్యయనాల్ని కలిపి 2014లో వేసిన లెక్క ప్రకారం నూటికి 23 ఫిస్టులాలు మొదట్లోనే విఫలమవుతాయి. ఏ చికిత్సా అవసరం లేకుండా ఏడాది నడిచేవి 60, మధ్యలో బెలూన్‌తో వెడల్పు చేసో మరో చికిత్స చేసో నడిపించినవి కలిపితే 71. ఇప్పుడు ఒక ఆస్పత్రి మొదట్లోనే పోయినవాటిని పక్కనపెట్టి, మొదటి సూది పడిన రోజునుంచి లెక్క మొదలుపెట్టిందనుకోండి. అబద్ధం ఒక్కటీ చెప్పకుండానే దాని అంకె ఎంతో అందంగా మారిపోతుంది. అందుకే ఎవరైనా మా దగ్గర 90 శాతం అంటే, ఆపరేషన్ చేసిన ప్రతి ఒక్కరినీ లెక్కేశారా, చికిత్సలతో నిలబెట్టినవి కలిపారా అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

మరణాల పోలికలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2013లో వచ్చిన సమీక్షలో ఫిస్టులాతో పోలిస్తే క్యాథెటర్ ఉన్నవాళ్ళలో మరణాలు ఒకటిన్నర రెట్లు, ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు రెండింతలు కనిపించాయి. దాన్ని చదివి మీకు టెన్షన్ వచ్చుంటుంది. కానీ ఫిస్టులా అసలు ప్రయత్నించనివాళ్ళు చాలాసార్లు ముందే బాగా బలహీనంగా ఉన్నవాళ్ళు. 2017లో మరో అధ్యయనం, ఫిస్టులా ప్రయత్నించి విఫలమై క్యాథెటర్‌తో ఉన్నవాళ్ళు కూడా ఏ ప్రయత్నమూ లేక క్యాథెటర్‌తోనే ఉన్నవాళ్ళకంటే ఎక్కువకాలం బతికారని చూపించింది. కాబట్టి ఆ తేడాలో చాలా భాగం రోగి ఆరోగ్యానిది, గొట్టం ఒక్కదానిదే కాదు. అలాగని క్యాథెటర్ సురక్షితమని నేను అనను. చలిజ్వరంతో వచ్చే క్యాథెటర్ ఇన్ఫెక్షన్లు ఎంత ప్రమాదమో నాకు తెలుసు. మీ నాన్నగారికి డయాలిసిస్ సమయంలో వణుకు వస్తే అదే రోజు చెప్పండి, మర్నాటిదాకా ఆగవద్దు.

అమెరికా మార్గదర్శకాలు కూడా 2019లో ధోరణి మార్చుకున్నాయి. అందరికీ ఫిస్టులా అనే బదులు, ఈ రోగికి రాబోయే ఏళ్ళలో ఏం కావాలి, ఇది పోతే తర్వాత ఏం చేస్తాం అని ముందే ప్రణాళిక వేయమంటున్నాయి. ఎనభై దాటి, గుండె బాగా బలహీనపడ్డ మనిషికి క్యాథెటరే సరైన నిర్ణయం కావచ్చు. జపాన్‌లో అలాంటివాళ్ళలో కొందరికి పైచేతి ధమనినే చర్మం కిందికి తెచ్చి, అందులో నేరుగా సూది వేస్తారు. గుండెకు అదనపు భారం పడదు. ఈ పద్ధతి మిగతా ప్రపంచంలో చాలా అరుదు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. రెండోదానికి ఒప్పుకోవాలా అని అడిగారు. నేనైతే ముందు మొదటిదాన్ని చూడమంటాను. ఆపరేషన్ చేసిన చోట వేళ్ళు పెట్టి చూడండి. సన్నటి కంపనం తెలుస్తోందా? తెలుస్తుంటే అది చచ్చిపోలేదు, తయారు కాలేదు అంతే. కుట్టు దగ్గర నుంచి రెండు మూడు సెంటీమీటర్లలో సిర సన్నబడి ఉండటం దీనికి చాలా తరచుగా కనిపించే కారణం. పక్క కొమ్మలు రక్తాన్ని మళ్ళించడం, సిర లోతుగా ఉండటం మిగతా కారణాలు. సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు, కొమ్మల్ని కట్టేయవచ్చు, లోతున్న సిరను పైకి తేవచ్చు. ఈ కారణాల్ని వెతికే పరీక్ష ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకే జరగాల్సింది. నాలుగు నెలలయ్యాక అయినా చేయించుకోవడం మేలు. ఫిస్టులాకి రక్తప్రవాహాన్ని కొలిచే డాప్లర్ స్కాన్ చేయించి, ప్రవాహం నిమిషానికి ఎంత, సిర వెడల్పు ఎంత, లోతు ఎంత, ఎక్కడ సన్నబడింది అన్నవి కాగితం మీద రాయించుకోండి. పర్మ్‌క్యాత్‌కి ముందు అదే వైపు కాలర్ ఎముక కింద ఎప్పుడైనా లైన్ వేశారా అన్నదీ గుర్తు తెచ్చుకోండి. మొదటిది నిలబెట్టడానికి వీల్లేదని స్కాన్‌లో తేలితే, రెండోదానికి ముందు రెండు చేతుల సిరలకూ ధమనులకూ స్కాన్ చేసి, వీలైనంత కిందనుంచి మొదలుపెట్టమని అడగండి. ఆ కాగితం వచ్చాక అందులోని అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.